లాండిస్కేపు మంచి మాటేనా?

"ల్యాండ్‌స్కేపా, పోర్ట్రెయిటా?" అని రోజూ ఎంతమందిని అడుగుతానో లెక్కలేదు. జిరాక్స్ షాపువాడికి ఈ ప్రశ్న కిరాణా కొట్టువాడి "కేజీయా, అరకేజీయా" లాంటిది. అడిగేవాడూ ఆలోచించడు, చెప్పేవాళ్లూ ఆలోచించరు. నిన్న ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె వచ్చి, నేను అడక్కముందే "అంకుల్, ల్యాండ్‌స్కేప్‌లో ఇవ్వండి" అంది. అంటే కాగితాన్ని అడ్డంగా పెట్టి ఇవ్వమని; పోర్ట్రెయిటంటే నిలువుగా. మౌసు మీద నా చెయ్యి ఆగిపోయింది. తలెత్తి షాపు మెట్టు వైపు చూశాను. మెట్టు ఖాళీగా ఉంది. నాకు భయమేసింది.

యాభై దాటినవాణ్ణి, దారికడ్డంగా బండి ఆపినందుకు ఆటోవాళ్లతో రోజూ గొడవపడేవాణ్ణి, ఒక ఇంగ్లీషు మాటకి భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వండి. అసలీ భయం నాది కాదు. ఆ మెట్టు మీద కూర్చున్న మనిషిది. పోతూ పోతూ నాకు అంటగట్టి పోయింది.

నా షాపు అరసవల్లి గుడికి వెళ్లే రోడ్డులో ఉంది. ఆమె వేసవిలో ముంజెలు, చలికాలంలో ఉడకబెట్టిన తేగలు తెచ్చి నా మెట్టు మీద పెట్టుకుని అమ్మేది. నన్ను అడిగి కూర్చోలేదు. ఒకనాడు షట్టరు తీద్దామని వచ్చేసరికి బుట్టతో సహా కూర్చుని ఉంది. "దారికి అడ్డం కదా అప్పా" అన్నాను. మా వైపు అక్కని అప్ప, బాబుని బావూ అంటాం. నోరు జారి అలా పిలిచినందుకు నేను ఓడిపోయాను.

"తమ్ముడి కొట్టుకాడ అప్ప కూకుంతే అడ్డమేటి బావూ?" అంది. అంతే, మళ్లీ లేవలేదు.

సన్నగా, నల్లగా ఉండేది. కత్తితో తాటికాయ కొట్టేటప్పుడు మాత్రం చేతిలో తొందర కనిపించేది. మిగతా వేళల్లో ప్రతి పనినీ ముందు ఓసారి చూసుకుని, తర్వాత ముట్టుకుని, ఆ తర్వాత చేసేది. నా షాపు గ్లాసు తలుపు తోయమంటే తోసేది కాదు. కరెంటు ఉంటుందని భయం. గాజుకి కరెంటు ఉండదే అంటే, "గాజుకి ఉండదు బావూ, కరెంటుకి ఏటుంతాదో ఎవులికి తెలుసు?" అనేది. రోడ్డు మీద అంబులెన్సు వెళ్తే కొనేవాళ్లు నిలబడి ఉన్నా సరే, కత్తి కింద పెట్టేసి అది మలుపు తిరిగేదాకా అటే చూసేది. తుఫాను వస్తోందని ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యోమన్న రోజు బుట్ట అక్కడే వదిలేసి షాపులోకి పరిగెత్తుకొచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. ఆ గాజు తలుపు ఎలా తోసుకొచ్చిందో మాత్రం నేను అడగలేదు.

ఇన్ని భయాలున్న మనిషికి తాటితోపులో పాములంటే భయం లేదు. అదెలాగని అడిగాను.

"పాము ఏటి సేస్తాదో నాకు తెలుసు. కరుస్తాది. నేకపోతే ఎలిపోతాది. ఇంగ్లీసు మాట ఏటి సేస్తాదో తెల్దు కదా" అంది.

ఆమె భయాలన్నిటికీ తల్లి భయం ఇదే. నా షాపులో రోజంతా ఇంగ్లీషు మాటలు రాలుతూనే ఉంటాయి. ఒకడు ఎలిజిబుల్ అంటాడు, ఒకామె పెండింగ్ అంటుంది, ఇంకొకడు రిజెక్ట్ అయిందని తిట్టుకుంటాడు. మెట్టు మీంచి ఈమె వింటూ ఉండేది. మాట కొత్తదైతే చాలు, వెనక్కి తిరగకుండానే అడిగేది.

"బావూ, అది మంచి మాటా, సెడ్డ మాటా?"

అర్థం అడిగేది కాదు. అర్థంతో ఆమెకి పనిలేదు. మంచిదా, చెడ్డదా, అంతవరకే. నేను మంచిదంటే పక్కన పెట్టుకున్న అరచెయ్యి వెల్లకిలా విప్పేది. చెడ్డదంటే వేళ్లు ముడిచి, ఆ గుప్పిటని కడుపుకి ఆనించుకునేది. కొన్ని నెలలు పోయాక నేను చెప్పేదాకా ఆగక, నా ముఖం చూసే చెయ్యి ముడవడమో విప్పడమో చేసేది. మంచి మాటల్ని ఊరికే పోనిచ్చేది కాదు. ఆ పూటంతా ముంజెలకి వాడేసేది. "ఎలిజిబుల్ ముంజెలమ్మా, తీస్కోండి" అని అరిచేది. గుడికొచ్చిన వాళ్లు నవ్వుకుంటూ కొనుక్కునేవారు. అప్రూవ్ తేగలు అని కూడా అమ్మింది. ఏ మాటకామాట, నా ఫ్లెక్సీ బోర్డు కంటే ఆ అరుపుకే జనం ఎక్కువ ఆగేవారు.

కరోనా రోజుల్లో మాత్రం నేను చెప్పిన మాట నామీదకే వచ్చింది. అంతకుముందెప్పుడో పాజిటివ్ మంచి మాటని నేనే చెప్పాను. ఆ తర్వాత ఆమె ఆడపడుచుని ఆసుపత్రికి తీసుకెళితే నర్సు వచ్చి "పాజిటివ్" అందట. ఈమె అరచెయ్యి విప్పి, నర్సుకి దణ్ణం పెట్టింది. ఆ నర్సు ఏమనుకుందో ఏమో. షాపులు మళ్లీ తెరిచాక వచ్చి మెట్టు మీద కూర్చుని, "ఒకే మాట ఓకాడ మంచిదీ ఇంకోకాడ సెడ్డదీ ఎలాగవుతాది బావూ? అలాటి మాటని నమ్మడమేటి?" అంది. ఆడపడుచు బతికింది కాబట్టి నాకు తిట్లు తప్పాయి.

ఫోటో అంటే ఇంకో రకం భయం. కస్టమర్లకి పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటే కెమెరా ఎటు చూస్తోందో గమనించుకుని అటు పక్క నుంచి జరిగిపోయేది. "ఫోటో తీయించుకున్నోలందరూ గోడెక్కేసినారు" అనేది. ఆమె ఇంట్లో గోడకున్న ఫోటోలన్నీ దండలు వేసినవే మరి. నేను తియ్యబోతే ముంజె తొక్క విసిరేది.

ఆమెకి ఒక్కడే కొడుకు. పైపుల పని నేర్చుకుని, ఊళ్లో కుర్రాళ్లతో పాటు ఏజెంటు ద్వారా గల్ఫ్‌కి వెళ్లాడు. తల్లికి పాత టచ్ ఫోనొకటి ఇచ్చి వెళ్లాడు. దాన్ని గుడ్డలో చుట్టి బుట్ట అడుగున పెట్టుకునేది. మోగితే తీసి నాకిచ్చేది. పచ్చ గుర్తు మీద వేలు పెట్టడానికి కూడా భయమే.

ఒక వేసవి పొద్దున్న వాడి దగ్గర్నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. నేనే పెట్టి వినిపించాను. "అమా, కంపెనీ మార్సీసినారు. పైపుల పని కాదిప్పుడు. నన్ను లాండిస్కేప్‌లో ఏసీసినారు. రేపు మరి..." అన్నాడు. వెనక లారీ చప్పుడు వినబడింది. మెసేజి అక్కడితో ఆగిపోయింది.

ఆమె గుప్పిట కడుపు మీదికి వెళ్లిపోయింది. నన్నేమీ అడగలేదు.

"మంచి మాటే అప్పా" అన్నాను, అడక్కుండానే.

"కాదు బావూ. లాండంతే బూమి. సర్వేవోలు వొచ్చినప్పుడు ఇన్నాను. ఇస్కేపంతే పారిపోడం. మావోడు బూమి ఒగ్గీసి పారిపోనాడు."

నాకు నవ్వొచ్చింది. బడిని ఇస్కూలు, స్టేషన్ని ఇస్టేషను అనే నోళ్లు మావి. ల్యాండ్‌స్కేపు ఆ నోటి గుండా బయటికొచ్చేసరికి లాండు ఒక పక్కకీ, ఇస్కేపు ఒక పక్కకీ విడిపోయాయి. ఇందులో ఆమె తప్పేముంది? నేను గట్టిగానే నవ్వాను. ఆమె నవ్వు ఆగేదాకా చూసి, కత్తి తుడుచుకుంటూ, అంతవరకూ ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది.

కొడుకు చంకలో ఉన్నప్పుడు ఆమె మొగుడు రొయ్యల చెరువుకి కాపలా పని అని చెప్పి వెళ్లాడట. తిరిగి రాలేదు. కొన్నాళ్లు చూసి, పోలీసు స్టేషనుకి వెళ్లి చెప్పుకుంది. అక్కడ కూర్చున్న ఆయన అంతా విని, "అయితే ఇస్కేపన్నమాట" అన్నాడట. ఆ మాట ఆయన చల్లగా అన్నాడు కాబట్టి మంచి మాటే అనుకుని, తలూపి, సంతోషంగా ఇంటికొచ్చేసింది. మనిషి దొరికినట్టేనని చుట్టుపక్కల వాళ్లకి చెప్పింది కూడా. తర్వాతెవరో అర్థం చెప్పారు.

"అప్పట్నించి అడక్కుండా ఏ మాటకీ తలూపనేదు" అంది.

నాకిక నవ్వు రాలేదు. ఆమెని లోపలికి పిలిచి, కంప్యూటర్ ముందు కుర్చీ వేశాను. ల్యాండ్‌స్కేప్ అంటే సీనరీ, అందమైన చోటు, కొండలూ పచ్చికా చెట్లూ కనిపించే దృశ్యం అని చెప్పాను. గోడలకి తగిలిస్తారే సీనరీలు, అవే అన్నాను. అలాంటి చోటుని తయారుచెయ్యడం కూడా ఒక పని, గడ్డి పరుస్తారు, మొక్కలు నాటతారు, నీ కొడుకుని ఆ పనిలో వేశారన్నాను. బొమ్మలు ఒక్కొక్కటే తెరిచి చూపించాను. మంచు కొండలు, చెరువులు, పసుపు పూల తోటలు. ఆమె ప్రతి బొమ్మనీ పైనుంచి కిందికి, ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికింది.

"బాగుంది. మరి మనిసేడి?"

ఇంకొకటి తెరిచాను. పెద్ద పచ్చిక మైదానం.

"ఇందులో మనిసేడి బావూ?"

సీనరీలో మనుషులుండరు అప్పా, అనబోయి ఆగిపోయాను. అప్పటికే అర్థమైపోయినట్టు గుప్పిట ఇంకా బిగించింది. ఆ బొమ్మల్లో నిజంగానే ఎక్కడా మనిషి లేడు. ఇన్నేళ్లుగా వేలకొద్దీ ప్రింట్లు తీసినా నేనెప్పుడూ గమనించలేదు. బొమ్మలన్నీ మూసేశాను.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాడి నంబరుకి నేనే చేశాను. అవతల ఒక ఆడగొంతు తెలియని భాషలో ఏదో చెప్పి ఊరుకుంది.

"ఆ యమ్మ ఏటంతంది?"

"బిజీగా ఉన్నాడంటోంది."

"బిజీ మంచి మాటే" అని సగం చెయ్యి విప్పింది. పూర్తిగా విప్పలేదు.

తీసుకెళ్లిన ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. వాడితో వెళ్లిన ఊరి కుర్రాళ్లు వేరే క్యాంపుల్లో ఉన్నారట, వాళ్లకీ తెలియదు. రోజులు గడుస్తున్నకొద్దీ నేను కూడా మారిపోయాను. పొద్దున్నే షాపుకి వస్తూ మలుపు దగ్గర్నుంచే మెట్టు వైపు చూసేవాణ్ణి. ఆమె ఉంటే భయం, ఏమడుగుతుందోనని. లేకపోతే ఇంకా భయం. బుట్టలో ఫోను ఎప్పుడు మోగినా, రీఛార్జి మెసేజి అయినా సరే, ఆమె కంటే ముందు నేనే లేచి మెట్టు దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ "నీ కొడుకేం కాదు కదా, నీకెందుకంత?" అంది. నిజమే, నా కొడుకు కాదు. కానీ మంచి మాటని చెప్పింది నేను. ఆ మాట చెడ్డదైతే ఆమె ముఖం ఎలా చూడాలి?

ఆమె మాత్రం రోజూ వచ్చింది. ముంజెలు కొట్టింది, అమ్మింది. కొత్త మాటలేవీ అడగలేదు. ఎలిజిబుల్ అని అరవలేదు. జనం కూడా తగ్గారు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. వీడియో కాల్. ఆమె గుడ్డ విప్పలేకపోతుంటే నేను లాక్కుని విప్పాను. పచ్చ గుర్తు నొక్కాను. తెర నిండా ఇసుక కనిపించింది. ఇసుక మధ్య సన్నగా గడ్డి పరిచిన బాట, కర్రలు పాతి కట్టిన మొక్కలు, ఆ వెనక మళ్లీ ఇసుకే. వాడి గొంతు మాత్రం వినిపించింది. "అమా, సూడు. ఇదంతా మేం ఏసిందే. అడ్డంగా ఎట్టు, బాగా కనపడతాది" అంటున్నాడు. నేను ఫోను అడ్డంగా తిప్పాను. చోటు ఇంకా పెద్దదైపోయింది.

"ఏడి? నా కొడుకేడి?"

వెతికాను. వాడు ఫోను దేనికో ఆనించి, పని చూపిద్దామన్న ఉబలాటంలో దూరంగా వెళ్లి నిలబడినట్టున్నాడు. గడ్డి చివర ఒక నలుసు చెయ్యూపుతోంది. వేలితో చూపించాను.

ఆమె పెట్టిన కేకకి జిరాక్సులు తీయించుకుంటున్న వాళ్లు వెనక్కి తిరిగారు. "అంత సిన్నగా అయిపోనాడేటి? ఒరే, ఇటురా. నిలువుగా ఎట్టు. నిలువుగా ఎట్టరా ఫోను."

వాడు పరిగెత్తుకొచ్చి ఫోను తీసుకున్నాడు. నేను నిలువుగా తిప్పాను. తలకి తువ్వాలు చుట్టుకున్న ముఖం తెర నిండా వచ్చింది. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. నవ్వుతున్నాడు. పాత ఫోను పని చేసే చోట లారీ కింద పడి పోయిందట, క్యాంపు ఊరికి దూరమట, ఇప్పుడే ఎవరిదో పాతది సంపాదించాడట. ఇవన్నీ నేను విన్నాను. ఆమె వినలేదు.

"తిన్నావేటి?" అంది.

"తిన్నానే. నువ్వు తిన్నావేటి?"

ఆ చెయ్యి కడుపు మీంచి దిగి, నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ విప్పుకోవడం నేను చూశాను. నాకు ఏడుపొచ్చింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందని చెప్పి అటు తిరిగాను.

కాల్ అయిపోయాక గొప్పకి పోయాను. "ఇప్పుడు చెప్పప్పా. లాండిస్కేపు మంచి మాటా, కాదా?"

ఫోనుని మళ్లీ గుడ్డలో చుట్టింది. "మంచి మాటే బావూ. గాని మనిసిని సిన్నగా సేసీ మాట" అంది.

ఆ మాటని ముంజెలకి ఎప్పుడూ వాడలేదు. ఆ తర్వాత కొడుకు ఎప్పుడు ఫోన్ చేసినా పలకరింపు కంటే ముందు "నిలువుగా ఎట్టు" అనేది. వాడు ఆటపట్టించడానికి ఒకోసారి అడ్డంగా తిప్పేవాడు. వెంటనే కళ్లు మూసుకుని, "ఇస్కేపయిపోతావొరే, తిప్పు" అని తిట్టేది. మేమిద్దరం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు.

కిందటేడు, ముంజెలు అయిపోయి తేగలు ఇంకా రాని రోజుల్లో, జ్వరమని పడుకుంది. ఊళ్లో డాక్టరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. ఆడపడుచు నాకు కబురు చేస్తే వెళ్లాను. మంచం మీద ఆమె మరీ తగ్గిపోయి ఉంది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు నన్ను కొంచెం పక్కకి పిలిచి, "కండిషన్ గార్డెడ్" అన్నాడు, అంటే ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేమని. గొంతు తగ్గించే అన్నాడు గానీ ఆమె చెవులు ఇంగ్లీషు మాటల దగ్గర పాము చెవులు. మంచం దగ్గరికి వచ్చేసరికి నావైపే చూస్తోంది. ఇప్పుడు అడుగుతుంది, ఏం చెప్పాలి?

అడగలేదు. "గార్డున్నాడన్నమాట. మంచి మాటే" అని తనే చెప్పుకుని అరచెయ్యి దుప్పటి మీద విప్పింది. నా ముఖం వైపు మళ్లీ చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో ఆమెకి తెలుసని ఇప్పుడనిపిస్తుంది.

కొడుక్కి సెలవు దొరికేసరికి అంతా అయిపోయింది. పెద్దకర్మకి అందుకుంటానని ఫోన్ చేశాడు. ఏడవలేదు. "మావా, అమ్మ ఫోటో ఒకటి పెద్దది సేయించి ఉంచు. ఇంట్లో ఒక్కటీ నేదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. రోజూ నా కళ్లెదుట, నా మెట్టు మీద, కెమెరాలున్న షాపు ముందు కూర్చున్న మనిషి ఫోటో నా దగ్గర లేదు. వాడు ఫోన్లో తల్లిని రోజూ చూశాడు గానీ ఒక్కటీ దాచుకోలేదు. ఆధార్ కార్డు మీదున్నది పెద్దది చేసి చూశాను. రెండు కళ్లు తప్ప ఏమీ లేదు. కెమెరాని చూసి హడలిపోయిన కళ్లు. వాటిని గోడకి తగిలించి, దండ వేసి, కొడుకు రోజూ చూడాలా? ఆ ప్రింటు చించేశాను.

ఫోన్లో పాత ఫోటోలన్నీ తిరగేశాను. ఒకటి దొరికింది. షాపుకి కొత్త బోర్డు వేయించిన రోజు, రోడ్డుకి అవతల నిలబడి, బోర్డు మొత్తం రావాలని ఫోను అడ్డంగా పట్టుకుని తీశాను. బోర్డు బ్రహ్మాండంగా వచ్చింది. కరెంటు తీగలు, రెండు ఆటోలు, పక్క లాడ్జీ మేడ కూడా వచ్చాయి. ఎడమ పక్క కింద మెట్టు మీద బుట్ట, బుట్ట పక్కన తలొంచుకుని ముంజె తీస్తున్న ఆమె. గోరంత ఉంది. నేను తీస్తున్నట్టు చూసుకోలేదు కాబట్టి భయం లేదు ముఖంలో.

ఆమెని ఒక్కర్తినీ కత్తిరించి పెద్దది చెయ్యబోయాను. పెంచినకొద్దీ ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది. కొంచెం తగ్గిస్తే మనిషి కనిపిస్తుంది, కానీ చిన్నదైపోతుంది. ప్రింట్ నొక్కితే కంప్యూటర్ మామూలుగా అడిగేదే అడిగింది. పోర్ట్రెయిటా, ల్యాండ్‌స్కేపా? క్యాన్సిల్ నొక్కాను. చివరికి ఫోటో ఉన్నది ఉన్నట్టుగా వాడికి పంపించాను.

కాసేపటికి వాడే ఫోన్ చేశాడు.

"బోర్డు బాగుంది మావా. మరి ఇందులో అమ్మ ఏది?"

నా గుప్పిట కడుపుకి ఆనుకుని ఉంది. ఎప్పుడు ముడిచానో తెలియదు.

"ఉన్నాది నాన్నా. ఎడంపక్కన, మెట్టు మీద. కళ్లకి దగ్గరగా ఎట్టుకుని సూడు."

కాల్ కట్ అయిపోయిందేమోనని భయపడి తెర చూశాను. కట్ అవలేదు. వాడింకా వెతుకుతున్నాడు.